గుహ తలుపు, గుట్టు మాట

అరేబియా రాత్రుల కథలలో ఆలీబాబా దొంగల ధనాన్ని కాజేసింది తలుపు బద్దలు కొట్టి కాదు. చెట్టు కొమ్మల మాటున కూర్చుని, దొంగల నాయకుడు గుహ ముందు నిలిచి బిగ్గరగా పలికిన మాటను చెవిన వేసుకున్నాడు, అంతే. ఆ మాటలో లోపం లేదు, తలుపు బలహీనమైనదీ కాదు. నలుగురికీ వినబడేటట్లు పలకడంలోనే ఉన్నది చిక్కంతా. అదే కథలో అతని అన్న కాసిం గుహ లోపల నిలిచి నువ్వుల పేరు మరచిపోయి, తక్కిన ధాన్యాల పేర్లన్నీ వల్లించి, చివరికి దొంగల చేతికి చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. పరులకు వినబడిపోవడం, అవసరానికి జ్ఞాపకం రాకపోవడం అనేవి సంకేతపదానికి పుట్టుకతో వచ్చిన రెండు రోగాలు.

ఇంటర్నెట్ ప్రమాణాలను రచించిన ఇంజనీర్లకు కూడా ఈ కథే స్ఫురించింది. వెబ్‌సైట్‌లోని ఒక భాగాన్ని తెరవబోయేవారిని పేరు, పాస్‌వర్డ్ అడిగే అతి సరళమైన విధానానికి ‘బేసిక్’ పద్ధతి అని పేరు. దీనిని వివరించిన 1996 నాటి ప్రమాణపత్రంలో ఉదాహరణకు తీసుకున్న వ్యక్తి పేరు అల్లాదీన్, అతని పాస్‌వర్డ్ గుహ తలుపును తెరిపించిన మాట. అల్లాదీన్‌ది దీపం, గుహ ఆలీబాబాది. రెండు కథలూ కలగాపులగమైపోయాయి. పరిహాసమో పరాకో గాని, 1999లోను, 2015లోను పత్రాన్ని తిరిగి రాసినప్పుడు కూడా ఆ ఉదాహరణను ఎవరూ దిద్దలేదు. అయినా అది ఈ పద్ధతికి చక్కగా అతికింది. బేసిక్ పద్ధతిలోని ప్రధాన లోపం అచ్చంగా ఆ గుహలోని లోపమే.

అది పని చేసే తీరు ఇట్లా ఉంటుంది. చదువరి కంప్యూటరులోని బ్రౌజరు ఒక పుట కావాలని వెబ్ సర్వరును అడుగుతుంది. ఆ పుట కాపలా ఉన్న భాగంలోనిదైతే సర్వరు పుటకు బదులుగా 401 అనే అంకెను పంపి, ‘ముందు నీవెవరో చెప్పు’ అని నిలదీస్తుంది. అప్పుడు బ్రౌజరు ఒక చిన్న పెట్టెను తెరమీదికి తెచ్చి పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. చదువరి వాటిని నింపగానే అదే కోరికను ఆ రెండు ముక్కలతో కలిపి మరల పంపుతుంది. సర్వరు తన పట్టీతో సరిచూసుకుని పుటను ఇస్తుంది. ఇక్కడొక విశేషం ఉన్నది. సర్వరుకు జ్ఞాపకశక్తి లేదు. ఒక క్షణం కిందట లోపలికి రానిచ్చిన మనిషిని మరుక్షణం పోల్చుకోలేదు. అందువల్ల ఆ తరువాతి ప్రతి కోరికతోను బ్రౌజరు పేరునూ పాస్‌వర్డునూ తానే మోసుకుపోతుంది. పుటలో పది బొమ్మలుంటే పదిసార్లు. గుహ నాయకుడు రోజుకు రెండుమార్లే పలికి ఉంటాడు. బ్రౌజరు అదే మాటను ఒక్క పూటలో వందసార్లు పలుకుతుంది.

పలకడమైనా గుప్తంగా పలుకుతుందా అంటే, అదీ లేదు. పేరునూ పాస్‌వర్డునూ బేస్64 అనే పద్ధతిలో వేరే అక్షరాలలోకి మార్చి పంపుతుంది. చూడబోతే అర్థంకాని అక్షరాల వరుస కనిపిస్తుంది గనుక దీనిని గూఢలిపి అని భ్రమపడేవారు చాలామంది. కాని ఇందులో తాళంచెవి వంటిది ఏదీ లేదు. తెలుగు పద్యాన్ని నాగరి లిపిలో రాసినంత మాత్రాన అది రహస్యమైపోదు. నాగరి వచ్చినవాడు చదివేస్తాడు. బేస్64 కూడా అటువంటి లిపి మార్పిడే. ఏ కంప్యూటరైనా దానిని రెప్పపాటులో వెనుకకు తిప్పగలదు. ఈ పద్ధతి సురక్షితమైనది కాదని 1996 నాటి పత్రమే నిర్మొహమాటంగా హెచ్చరించింది. వాడుకలో ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ.

మరి ఇటువంటి పద్ధతి ఇన్నేళ్లుగా ఎందుకు నిలిచి ఉన్నది? దాని సౌలభ్యం అటువంటిది. ఒక పట్టణంలో గృహనిర్మాణ సహకార సంఘం ఉన్నదనుకుందాం. సభ్యుల చిరునామాలు, టెలిఫోన్ నెంబర్లు, వాయిదాలు చెల్లించినవారి పట్టిక, సర్వసభ్య సమావేశాల తీర్మానాలు ఒకచోట ఉంచితే అందరికీ ఉపయోగం. అవి లోకమంతటికీ కనబడరాదు. దీనికోసం పెద్ద సాఫ్ట్‌వేర్ రాయించే స్తోమతు సంఘానికి ఉండదు. బేసిక్ పద్ధతిలో నాలుగైదు పంక్తుల ఆదేశాలు, ఒక పట్టీ చాలు. కొత్తగా సిద్ధమవుతున్న వెబ్‌సైట్‌ను విడుదలకు ముందు పదిమందికి చూపడానికి, నిర్వాహకులు మాత్రమే ప్రవేశించే గదికి రెండవ తలుపుగా బిగించడానికి నేటికీ దీనినే వాడుతున్నారు. ఇది గాక చాలామంది చేసే మరొక పని ఉన్నది: చిరునామాను ఎవరికీ చెప్పకుండా ఉంచి, అదే కాపలా అనుకోవడం. ఆ చిరునామా ఒక ఉత్తరంలోనో, సెల్‌ఫోన్ సందేశంలోనో బయటికి పొక్కితే ఆపేవారే ఉండరు. తలుపు లేని గదిని సందులో కట్టినట్లే.

ఈ సౌలభ్యానికి మూలపురుషులలో ఒకరు రాబ్ మెకూల్. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఎన్‌సీఎస్‌ఏ సంస్థలో ఆయన రాసిన వెబ్ సర్వరు 1990ల తొలినాళ్లలో విరివిగా వ్యాపించింది. 1994లో ఆయన ఆ సంస్థను వీడి వెళ్లగా, దానిని వాడుతున్నవారే తలా ఒక మరమ్మత్తు చేసి, ఆ మరమ్మత్తులన్నిటినీ ఒకచోట చేర్చి 1995లో అపాచీ అనే సర్వరును విడుదల చేశారు. ఒక ఫోల్డరులో ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ అనే పేరుతో చిన్న ఫైలు ఉంచితే ఆ ఫోల్డరుకు మాత్రమే వర్తించే నియమాలను సర్వరు పాటించే ఏర్పాటు అపాచీకి ఆ పాత సర్వరు నుండి సంక్రమించినదే. ఒకే సర్వరును వందలమంది అద్దెకు పంచుకునే రోజులలో ఇది వరమైంది. యజమానిని అడగనక్కరలేకుండా ఎవరి వాటాకు వారు తాళం వేసుకోవచ్చు.

తాళం వేసే విధానం పైకి సులభం. మొదట ‘హెచ్‌టీపాస్‌వర్డ్’ అనే సాధనంతో సభ్యుల పట్టీని తయారు చేయాలి. తరువాత ఆ ఫోల్డరుకు కాపలా ఉన్నదని, దాని పేరు ఫలానా అని, పట్టీ ఫలానా చోట ఉన్నదని, పట్టీలో ఉన్న వారెవరైనా రావచ్చునని సర్వరుకు చెప్పాలి. ఇంతే. అయితే కొంపలు ముంచేవి ఇందులోని చిన్న విషయాలే.

పట్టీని మొదటిసారి సృష్టించేటప్పుడు సాధనానికి చిన్నబడి ‘సీ’ అక్షరాన్ని జతచేయాలి. రెండవ సభ్యుణ్ణి చేర్చేటప్పుడు అలవాటుగా ఆ అక్షరాన్నే మళ్లీ కొట్టితే, సాధనం మారుమాట లేకుండా పాత పట్టీని తుడిచివేసి ఒక్క పేరుతో కొత్తది రాస్తుంది. వంద మంది సభ్యులు ఒక్కసారిగా వీధిన నిలుస్తారు. అట్లాగే పెద్దబడి ‘బీ’ అక్షరం బీక్రిప్ట్ అనే గట్టి పద్ధతిలో పాస్‌వర్డును భద్రపరచమని చెబుతుంది. చిన్నబడి ‘బీ’ అయితే పాస్‌వర్డును ఆదేశపు పంక్తిలోనే బాహాటంగా రాయడానికి అనుమతిస్తుంది. అప్పుడది కంప్యూటరు దాచుకునే పాత ఆదేశాల చిట్టాలో చేరుతుంది. రెండు అక్షరాలకూ తేడా ఒక్క మీట. ఫలితాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు.

పట్టీని ఎక్కడ ఉంచాలన్నది మరొక ప్రశ్న. వెబ్‌సైట్ పుటలుండే ఫోల్డరుకు వెలుపల ఉంచాలి. అపాచీతో వచ్చే మూల నియమావళి ‘డాట్ హెచ్‌టీ’ అని మొదలయ్యే ఫైళ్లను బయటివారికి ఇవ్వవద్దని నిషేధిస్తుంది. కాని ఎవరైనా పట్టీకి తమకు నచ్చిన మరొక పేరు పెట్టి పుటల మధ్య ఉంచితే, ఆ నిషేధం దానికి వర్తించదు. చిరునామా ఊహించగలిగిన వారికి సర్వరు పట్టీని మర్యాదగా అందిస్తుంది. తాళంచెవుల గుత్తిని గుమ్మానికి వేలాడదీసినట్లు.

వీటన్నిటినీ మించిన ప్రమాదం తాళం పడకుండానే పడినట్లు తోచడం. అపాచీ 2.4 తరంలో, ఫోల్డరులోని నియమాల ఫైలును చదవాలని మూల నియమావళి ప్రత్యేకంగా చెప్పితే తప్ప సర్వరు దానిని చూడదు. అంతకు ముందరి తరాలలో చెప్పకపోయినా చదివేది. పాత అలవాటున ఫైలును రాసి, ఫోల్డరులో ఉంచి, ‘పని అయింది’ అని లేచిపోయేవారి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. తప్పు జరిగిందని ఏ సందేశమూ రాదు. రష్యన్ ఇంజనీరు ఈగర్ సిసోయెవ్ రూపొందించగా 2004లో వెలువడిన ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరొక ప్రసిద్ధ సర్వరు ఈ ‘డాట్ హెచ్‌టీయాక్సెస్’ ఫైళ్లను బొత్తిగా గుర్తించదు. వేగం కోసమో, పొదుపు కోసమో ఒక సంస్థ తన వెబ్‌సైట్‌ను అపాచీ నుండి దానికి మార్చినప్పుడు పుటలన్నీ యథాతథంగా కనిపిస్తాయి, అందరూ సంతోషిస్తారు. ఏళ్ల తరబడి తాళం ఉన్న గదులు ఆ రోజు నుండి బట్టబయలుగా ఉంటాయి. సభ్యులు ఫిర్యాదు చేయరు, ఎందుకంటే పాస్‌వర్డ్ అడగకపోవడం ఎవరికీ కష్టంగా తోచదు. ఇక్కడ నష్టపోయేది తాళం వేసినవాడు కాదు. చిరునామా, నెంబరు, బాకీ వివరాలు ఆ గదిలో ఉన్న సభ్యుడు. అతనికి ఈ మార్పు జరిగిన సంగతే తెలియదు.

ఇక పట్టీ మాట. కంప్యూటరు పాస్‌వర్డుల చరిత్రంతా ఒక విధంగా ఈ పట్టీని దాచుకోవడానికి పడిన పాట్ల చరిత్రే. ఒకే కంప్యూటరును అనేకులు ఏకకాలంలో వాడుకునే సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో ప్రదర్శించింది. ఎవరి కాగితాలు వారికి విడిగా ఉండాలని అందులో పాస్‌వర్డులు పెట్టారు. మరుసటి సంవత్సరమే ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు వారానికి కేటాయించిన కంప్యూటరు కాలం చాలక, పాస్‌వర్డుల ఫైలును అచ్చు వేయమని యంత్రానికి ఒక కార్డు ద్వారా ఆదేశమిచ్చాడు. యంత్రం వేసి ఇచ్చింది. ఆ కాగితాలతో ఆయన ఇతరుల ఖాతాలలో ప్రవేశించి తన పని పూర్తి చేసుకున్నాడు. 1966లో అదే వ్యవస్థలో మరింత విచిత్రం జరిగింది. నిర్వాహకులిద్దరు ఒకే సమయంలో రెండు ఫైళ్లను దిద్దుతుండగా అవి తారుమారయ్యాయి. లోపలికి ప్రవేశించే ప్రతివారికీ ఆనాటి స్వాగత ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డుల పట్టీ అచ్చయి వచ్చింది.

ఈ రెండు సంఘటనలూ ఒకే కారణం వల్ల జరిగాయి. పట్టీలో పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. దీనికి విరుగుడును బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో రోజర్ నీధామ్ 1960లలోనే ఆలోచించారు. పాస్‌వర్డును కాక, దాని నుండి లెక్కకట్టిన ఒక గుర్తును మాత్రమే దాచాలి. పిండి నుండి గింజను తిరిగి పొందలేనట్లు, ఆ గుర్తు నుండి మాటను వెనుకకు రాబట్టడానికి వీలుండరాదు. ఎవరైనా మాట చెప్పినప్పుడు దానిని అప్పటికప్పుడు మళ్లీ విసిరి, పిండితో పిండిని పోల్చి చూస్తే సరి. ఇప్పుడు పట్టీ దొంగిలించినవాడికి దక్కేది పిండి మాత్రమే.

కాని దొంగ కూడా తిరగలి కొనుక్కోగలడు. నిఘంటువులోని మాటలన్నిటినీ ముందుగానే విసిరి పెట్టుకుని, పట్టీలోని పిండితో పోల్చుకుంటూ పోతాడు. 1979లో బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మారిస్, కెన్ థామ్సన్‌లు ప్రచురించిన వ్యాసం దీనికి మందు చెప్పింది. ప్రతి మాటకూ యాదృచ్ఛికమైన చిటికెడు అదనపు అంకెలను కలిపి విసరాలి. దానికి వారు పెట్టిన పేరు ఉప్పు. ఉప్పు వేరైతే ఒకే మాట ఎంచుకున్న ఇద్దరు సభ్యుల గుర్తులు కూడా వేరవుతాయి. దొంగ ఒకసారి తయారు చేసుకున్న పిండి అందరికీ పనికిరాదు. తిరగలిని కావాలనే నిదానంగా తిప్పాలని కూడా ఆ వ్యాసం సూచించింది. ఒక్క మాటను సరిచూసే సభ్యుడికి ఆ ఆలస్యం తెలియదు, కోట్ల మాటలు ప్రయత్నించే దొంగకు ప్రాణాంతకం.

అయినా కాలం తిరగళ్లను వేగవంతం చేస్తూనే ఉన్నది. అదే కెన్ థామ్సన్ 1980ల ప్రాంతంలో తాను వాడిన పాస్‌వర్డు గుర్తు పాత ఫైళ్లలో మిగిలిపోగా, 2019లో కుతూహలపరులు కొందరు దానిని ఛేదించారు. అది చదరంగంలో మంత్రి ముందరి బంటును రెండు గళ్లు ముందుకు నడిపే తొలి ఎత్తును సూచించే ఎనిమిది అక్షరాల సంకేతం. బొమ్మలు గీసే ప్రాసెసరు ఒకటి నాలుగు రోజులకు పైగా శ్రమించి దానిని కనుగొన్నది. ఆనాటి పద్ధతి మొదటి ఎనిమిది అక్షరాలనే లెక్కలోకి తీసుకునేది గనుక అంతకంటె పొడుగైన మాట ఎంచుకున్నా ప్రయోజనం ఉండేది కాదు. అందుకే 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియేర్‌లు ప్రవేశపెట్టిన బీక్రిప్ట్ పద్ధతిలో తిరగలి ఎంత నిదానంగా తిరగాలో నిర్వాహకుడే నిర్ణయించి, యంత్రాలు వేగం పుంజుకున్న కొద్దీ దానిని పెంచుకునే వీలు కల్పించారు. పైన చెప్పిన పెద్దబడి ‘బీ’ అక్షరపు విలువ ఇదే.

ఇంత చేసినా పట్టీ ఒక్కటే భద్రమవుతుంది. దారి భద్రం కాదు. చదువరి కంప్యూటరు నుండి సర్వరు వరకు ఉన్న దారిలో రైల్వే స్టేషను వైఫై పెట్టె ఉండవచ్చు, హోటలు వారి యంత్రం ఉండవచ్చు, ఇంకెవరైనా ఉండవచ్చు. వారిలో ప్రతివాడూ చెట్టెక్కిన ఆలీబాబాయే. దీనికి ఉపాయం మొత్తం సంభాషణను నిజమైన గూఢలిపిలో జరిపే హెచ్‌టీటీపీఎస్. ఒకప్పుడు దానికి కావలసిన ధ్రువపత్రాన్ని ఏటేటా డబ్బు చెల్లించి కొనవలసి వచ్చేది గనుక చిన్న సంస్థలు వెనుకాడేవి. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే ప్రజాహిత సేవ ఈ పత్రాలను ఉచితంగా అందరికీ ఇవ్వడం ప్రారంభించాక ఆ సాకు చెల్లదు.

అయితే ఇక్కడ కూడా ఒక మెలిక ఉన్నది. పాత చిరునామాతో వచ్చేవారిని గూఢమార్గానికి మళ్లించే ఆదేశాన్ని, పాస్‌వర్డ్ అడిగే ఆదేశాన్ని ఒకే ఫోల్డరు ఫైలులో రాస్తే, అపాచీ మళ్లింపు కంటె ముందుగా పాస్‌వర్డ్ అడుగుతుంది. చదువరి బహిరంగ మార్గంలోనే మాట చెప్పేస్తాడు. ఆ తరువాత గూఢమార్గంలోకి చేరి, అక్కడ మరల అడిగితే మరల చెబుతాడు. రెండుసార్లు ఎందుకు అడిగిందని విసుక్కుంటాడే తప్ప, మొదటిసారి చెప్పినది ఊరంతటికీ వినబడిందని అతనికి తెలియదు. మళ్లింపును మూల నియమావళిలో బహిరంగ మార్గానికి కేటాయించిన భాగంలో రాసి, పాస్‌వర్డు ప్రశ్నను గూఢమార్గపు భాగంలో మాత్రమే ఉంచితే ఈ ఇబ్బంది ఉండదు.

ఈ పద్ధతి చేయలేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. బయటికి వెళ్లే మార్గం దీనిలో లేదు. బ్రౌజరును పూర్తిగా మూసేవరకు అది మాటను మరవదు. ఇంటర్నెట్ కేంద్రంలో సంఘం లెక్కలు చూసి లేచిపోయినవాని కుర్చీలో తరువాత కూర్చున్నవాడు ఆ లెక్కలనే చూడవచ్చు. ఎన్నిసార్లు తప్పు మాట చెప్పినా సర్వరు తనంతట తాను విసుగు చెందదు. వరుసగా ఊహించేవారిని అడ్డుకోవడానికి ఫెయిల్‌టుబ్యాన్ వంటి వేరొక కావలివాణ్ణి నియమించుకోవాలి. ఊహించడం కష్టమేమీ కాదు. 2009లో రాక్‌యూ అనే అమెరికన్ సంస్థ నుండి పొక్కిన 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులలో ఎక్కువమంది ఎంచుకున్నది ఒకటి నుండి ఆరు వరకు అంకెల వరుస. ఆ సంస్థ వాటిని విసరకుండా, ఉన్నవి ఉన్నట్లే దాచింది.

మన దేశంలో అన్నిటికంటె విస్తారమైన జాడ్యం ఉమ్మడి పాస్‌వర్డ్. కార్యాలయం మొత్తానికి ఒకే పేరు, ఒకే మాట. అది గోడమీది క్యాలెండరు వెనుకనో, గుమాస్తా డైరీ మొదటి పుటలోనో ఉంటుంది. ఒకరు ఉద్యోగం మానివేస్తే మార్చాలి, మార్చితే అందరికీ చెప్పాలి, అందుకని ఎవరూ మార్చరు. పైగా ఏదైనా జరిగినప్పుడు వచ్చిపోయినవారి చిట్టాలో ఒకే పేరు కనిపిస్తుంది గనుక ఎవరు చేశారో తేలదు. మనిషికొక పేరు ఇస్తే వెళ్లిపోయినవారి ఒక్క పంక్తిని పట్టీ నుండి తొలగించడంతో సరిపోతుంది.

చట్టం కూడా దీనిని చిన్న విషయంగా చూడలేదు. 2011లో కేంద్రప్రభుత్వం జారీచేసిన సమాచార భద్రతా నిబంధనలు సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని నిర్వచిస్తూ, బ్యాంకు ఖాతా, ఆరోగ్య వివరాల కంటె ముందు పాస్‌వర్డునే పేర్కొన్నాయి. పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, సమాచారానికి తగిన భద్రత కల్పించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే నిబంధన ఉన్నది.

తాళం నిజంగా పడిందో లేదో చూడటానికి నిర్వాహకుని సొంత బ్రౌజరు పనికిరాదు. అది పాత మాటను జ్ఞాపకం పెట్టుకుని చడీచప్పుడూ లేకుండా లోపలికి తీసుకుపోతుంది. మునుపెన్నడూ ఆ గది తెరవని మరొక కంప్యూటరు నుండి చూడాలి. మొదటి పుటను కాక, లోపల ఉన్న సభ్యుల జాబితా ఫైలును దాని పూర్తి చిరునామాతో నేరుగా అడగాలి. హెచ్‌టీటీపీఎస్ మార్గంలో సర్వరు 401 అనాలి. బహిరంగ మార్గంలో ఏమీ అడగకుండా గూఢమార్గానికి మళ్లించాలి. ఏ మార్గంలోనైనా 200 అని జవాబిచ్చి జాబితాను తెరమీద పరిచిందంటే, ఫైలులో ఎన్ని ఆదేశాలు రాసి ఉన్నా ఆ గదికి తలుపు లేదు. ఈ పరీక్షను తాళం వేసిన రోజునే కాక, సర్వరును మార్చిన ప్రతిసారీ, దాని సాఫ్ట్‌వేర్ తరం మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. దానికి పట్టే కాలం రెండు నిమిషాలు.